కొంగున కట్టిన కారు తాళం

కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చేయించమని అమ్మ నన్ను నాలుగేళ్ళుగా అడుగుతోంది. ఒక ఏడు ఆవిడకి ఆయాసం ఎక్కువైంది, ఇంకో ఏడు నాకు ఆఫీసులో ఆడిట్ పడింది, ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంది. ఈసారి మాత్రం ఏదైనా సరే తీసుకెళ్దామనుకున్నాను. మా ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీలో ఆ రాత్రి నైట్ షిఫ్టు, మా వాడు హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. అందుకని ఇద్దరమే బయల్దేరాం. తెల్లవారుజామున నాలుగుంబావుకి ఎంవీపీ కాలనీలో ఇంటికి తాళం వేశాం. పొడి చీరలు, తువ్వాళ్ళు, అమ్మ ఇన్‌హేలర్, నా ఫోను, పర్సు, ఇంటి తాళాలు అన్నీ కారులోనే పెట్టుకున్నాం.

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులోకి బళ్ళు రానివ్వరు, నడిచేవాళ్ళకి వదిలేస్తారు. పైగా పౌర్ణమి. అందుకని పాండురంగాపురంలో, సముద్రం వైపు దిగే ఒక సందులో అపార్టుమెంటు గోడ వారగా కారు ఆపాను. తలుపు మీద ఉండే బటన్ నొక్కి లాక్ చేశాను. కీ ఎవరికివ్వాలి? ఒడ్డున వదిలేస్తే పోతుందని భయం. మా అమ్మ చిన్నప్పటి నుంచీ డబ్బులైనా తాళాలైనా కొంగున ముడేసుకోవడమే చూశాను. నేనూ అలాగే కీని చీర కొంగుకి గట్టిగా రెండు ముళ్ళేసి, బొడ్లో దోపుకున్నాను. నా పొరపాటు అక్కడే జరిగింది. ఇంటి బీరువా తాళం చెవిని ముడేసుకున్నట్టే దీన్నీ ముడేశాను. అది ఇనప ముక్క, ఇది బ్యాటరీతో నడిచే రేడియో. ఆ తేడా ఆ పూట నాకు తట్టలేదు.

స్నానం బాగా జరిగింది. ఆర్కే బీచ్‌లో అలలు మంచివి కావు, కాళ్ళ కింద ఇసుకని లాగేస్తాయి. అందుకే లోపలికి వెళ్ళకుండా మోకాళ్ళ లోతులోనే కూర్చున్నాం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉన్నాం. అయినా మూడో అల మా ఇద్దరి తలల మీదుగా వెళ్ళింది. అమ్మ ఎంతో సంతోషించింది. అరటి దొప్పలో దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, చంద్రుడు ఇంకా పడమర వైపు ఉండగానే పైకి నడిచాం. తడి చీరలతో, ఈదురుగాలిలో, కాళ్ళకి ఇసుకతో కారు దగ్గరికి వచ్చేసరికి ఆరుకి పది నిమిషాలు తక్కువ.

తలుపు మీద బటన్ నొక్కాను. చప్పుడు లేదు. కొంగు ముడి విప్పి, కీ మీద బటన్ నొక్కాను. లైట్లు వెలగలేదు, సైడ్ మిర్రర్లు తెరుచుకోలేదు. తుడిచి మళ్ళీ నొక్కాను. దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. కీ మీద ఉండే చిన్న ఎర్ర దీపం కూడా వెలగడం లేదు. దాన్ని ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. అప్పుడు అర్థమైంది నాకు ఏం జరిగిందో.

అమ్మకి డెబ్భై మూడేళ్ళు. తడి చీర చుట్టుకుని గోడ పక్కన నిలబడి వణుకుతోంది. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి, నాకు వినపడుతున్నాయి. ఇన్‌హేలర్ డాష్‌బోర్డు అరలో ఉంది, అద్దంలోంచి చూస్తే ఆ అర మూత కనపడుతోంది కూడా. మనసంతా అక్కడే ఉంది.

ఆ అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య ముగ్గు పెడుతూ మమ్మల్ని చూసింది. "ఏటమ్మా, పెద్దావిడ అలగ తడిసిపోయి నిలబడిపోనాది? లోనికి రండి" అంది. కారు తెరుచుకోవడం లేదని చెప్పబోయాను. "కారు సంగతి తరవాత సూద్దుం, ముందు గుడ్డలు మార్సండి" అని అమ్మని చెయ్యి పట్టుకుని వాళ్ళ గదిలోకి తీసుకెళ్ళిపోయింది. తన చీర ఒకటి అమ్మకిచ్చింది, తల తుడిచింది, స్టవ్ మీద టీ పెట్టింది. వేడి ఆవిరి దగ్గర కూర్చునేసరికి అమ్మ ఊపిరి కొంచెం కుదుటపడింది. ఇన్‌హేలర్ లేకపోతే ఎంతసేపు ఆగుతుందో తెలీదు గానీ, ఆ పదినిమిషాలూ ఆవిడే మమ్మల్ని కాపాడింది. నాకూ చీర ఇస్తానంది. నేను తువ్వాలు మాత్రం తీసుకుని భుజాల మీద కప్పుకుని మళ్ళీ కారు దగ్గరికొచ్చాను.

అప్పటికి నలుగురైదుగురు పోగయ్యారు. మనూళ్ళో ఆగిన కారు చుట్టూ జనం చేరడానికి ఎంతోసేపు పట్టదు, అందరూ సాయం చెయ్యాలనే వస్తారు. వాకింగ్‌కొచ్చిన ఒకాయన "ఇక్కడ నేవీ వాళ్ళ సిగ్నల్స్ ఎక్కువండీ, రిమోట్లు పనిచెయ్యవు, కారుని నెట్టి పై వీధికి తీసుకెళ్దాం" అన్నారు. ఆటో అబ్బాయి ఒకడు స్టీలు స్కేలు తెస్తానన్నాడు, అద్దం రబ్బరు సందులోంచి దూర్చి తీస్తాడట. ఇంకొకతను వెనక చిన్న అద్దం పగలగొట్టడమే నయం అన్నాడు. నేను దాదాపు ఒప్పేసుకున్నాను. లోపల ఇన్‌హేలర్ ఉంది కదా.

అప్పుడు వచ్చారు ఒక పెద్దాయన. షిప్‌యార్డులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారని తర్వాత చెప్పారు. తెల్ల బనీను, నిక్కరు, చేతిలో నీళ్ళ సీసా. "కీ ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని బటన్ నొక్కి చూశారు. "సిగ్నల్స్ గోల అయితే కీ మీద దీపమైనా వెలగాలి. కీ పలుకుతుంది, కారుకి వినపడదు, అంతే. ఇక్కడ దీపమే లేదు. లోపం కీలోనే ఉంది" అన్నారు. ఎంత సూటైన మాట! ఆ తర్వాత నేను తెలుసుకున్నది కూడా అదే. మన దేశంలో కారు రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అదే తరంగం వాడే ఇంకో పరికరం పక్కన గట్టిగా మోగుతుంటే కారుకి మన రిమోట్ మాట వినపడకపోవడం నిజమే. అప్పుడు నాలుగడుగులు జరిగితే సరిపోతుంది. కానీ ముందు చూడాల్సింది కీ మీద దీపం.

"ఇప్పటి కార్లలో తలుపు లోపల వైర్లు, అద్దం మోటారు ఉంటాయి బాబూ, స్కేలు దూర్చకు" అని ఆటో అబ్బాయికి చెప్పారు. అద్దం పగలగొడదామన్నతన్ని అడిగారు, "లోపల పిల్లలెవరైనా ఉన్నారా?" లేరన్నాను. "ఉంటే ఈపాటికి రాయి నేనే ఎత్తేవాణ్ణి. లేరు గనక పది నిమిషాలు ఆగుదాం. అమ్మగారికి ఆయాసం ఎక్కువైతే మాత్రం ఆలోచించకుండా కొట్టేద్దాం" అన్నారు.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. 2025 మే నెలలో మనకి ఎంతో దూరం కాని విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆగి ఉన్న కారులోకి ఆడుకోవడానికి ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. మూసి ఉన్న కారు ఎండలో ఉంటే మొదటి పది నిమిషాల్లోనే లోపలి వేడి సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. లోపల పసిపిల్ల ఉండి రిమోట్ పనిచెయ్యకపోతే మెకానిక్ కోసం చూడకూడదు. 112కి ఫోన్ చేయించి, ఈలోగా పిల్లకి దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టెయ్యాలి. పక్క అద్దాలు పగిలితే చిన్న చిన్న గుళికల్లా రాలతాయి. ముందు పెద్ద అద్దం అలా కాదు, రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, దాని మీద కొడుతూ కూర్చుంటే సమయం పోతుంది. నా కష్టం దీని ముందు కష్టమే కాదు. కానీ ఏది ఎప్పుడు చెయ్యాలో ఆ పెద్దాయన రెండు వాక్యాల్లో చెప్పారు గనక రాస్తున్నాను.

"ఇందులో ఇనప తాళం చెవి ఉంటుంది, తీశావా?" అని అడిగారు. ఆరేళ్ళుగా ఆ కీని రోజూ పట్టుకుంటున్నాను. అందులో ఇనప చెవి ఉందని నాకు తెలీదు. పక్కన గోరంత మీట ఉంది, దాన్ని జరిపి లాగితే సన్నటి చెవి ఊడి వచ్చింది. సరే, పెట్టడానికి కన్నం ఏది? మా కారు తలుపు మీద ఎక్కడా కన్నం లేదని వాదించాను కూడా. ఆయన ఆటో అబ్బాయిని ఫోన్ లైటు వెయ్యమన్నారు. డ్రైవర్ వైపు పిడి చివర, కారు రంగులోనే ఉన్న చిన్న మూత ఉంది. మూత కింద సన్నటి గీత. ఇనప చెవి మొనని అందులో పెట్టి మెల్లగా ఎత్తితే మూత ఊడింది. లోపల కన్నం! ఇన్నాళ్ళూ నేను రోజూ చెయ్యి పెట్టే చోటే అది దాక్కుని ఉంది.

చెవి సగమే దూరింది. గట్టిగా తోస్తే పూర్తిగా వెళ్ళింది గానీ తిరగలేదు. నేను బలం పెట్టబోతే పెద్దాయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. "మెలితిరిగిందంటే ముక్క లోపల ఉండిపోద్దమ్మా, అప్పుడు తలుపే ఊడదియ్యాలి. ఇది ఉప్పుగాలి. ఆరేళ్ళు ఒక్కసారీ తిప్పలేదుగా, లోపలంతా పట్టేసింది" అన్నారు.

ఉప్పుగాలి సంగతి విశాఖలో ఎవరికి తెలీదు? కిటికీ ఊచలు, గేటు గొళ్ళేలు, ఏసీ బయటి పెట్టెలు, అన్నిటినీ తినేస్తుంది. సముద్రానికి దగ్గరగా ఇల్లుంటే టీవీ వెనక పిన్నులు కూడా పచ్చబడతాయి. గేటు తాళానికి ఏడాదికోసారి నూనె వేస్తాం. కారు తలుపు కన్నానికి వెయ్యాలని ఎవరూ అనుకోరు, ఎందుకంటే అది ఉందనే తెలీదు.

వాచ్‌మన్ కూతురు ఐదో తరగతి. దాని పెన్సిల్ తెచ్చింది. పెద్దాయన బ్లేడుతో ములుకు చెక్కి, ఆ నల్ల పొడిని చెవికి రెండు వైపులా రుద్దారు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైటు, అది పొడిగా ఉంటూనే జారుతుంది, దుమ్ముని అంటించుకోదు. చెవి ఇప్పుడు సాఫీగా లోపలికి వెళ్ళింది, కానీ ఇంకా తిరగలేదు. అప్పుడు పై అంతస్తు నుంచి బైకులున్న కుర్రాడొకడు తుప్పు వదిలించే స్ప్రే డబ్బా పట్టుకొచ్చాడు, చైను శుభ్రం చేసుకోవడానికి ఉంచుకున్నదట. సన్నటి గొట్టం కన్నంలో పెట్టి రెండు సార్లు కొట్టాడు. "ఇప్పుడెవరూ ముట్టుకోకండి, నాననివ్వండి" అన్నారు పెద్దాయన.

ఆ ఖాళీలో కీ మీద పడ్డారు. అంచున చిన్న గాడిలో రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే డొల్ల రెండుగా విడిపోయింది. చుక్కలు చుక్కలుగా సముద్రం బయటికొచ్చింది. ముందుగా బిళ్ళ బ్యాటరీ తీసేశారు. "బ్యాటరీ ఉన్నంతసేపూ ఉప్పునీళ్ళలోంచి కరెంటు పారుతూ ఉంటుందమ్మా. అదే రాగిని తినేది. మామూలు వానలో తడిస్తే ఇంత నష్టం ఉండదు, ఉప్పునీటికి కరెంటు బాగా పారుద్ది" అన్నారు. ఆ తర్వాత ఆయన చేసింది చూసి నా గుండె ఆగినంత పనైంది. తన సీసాలో మంచినీళ్ళు ఆ పచ్చటి బోర్డు మీద ధారగా పోసేశారు! తడిసిన దాన్ని మళ్ళీ తడుపుతారేమిటి బాబాయి గారూ అన్నాను. "నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఆరదు. ఉప్పుని కడిగేశాకే ఆరబెట్టాలి" అన్నారు. షిప్‌యార్డులో మునిగిన మోటార్లకి కూడా మొదట చేసేది మంచినీళ్ళతో కడగడమేనట. బోర్డుని విదిలించి, నూలు గుడ్డతో అద్ది, గాలి తగిలేలా గోడ మీద పెట్టారు.

ఆటో అబ్బాయి ఫోన్ ఇచ్చాడు. మా ఆయన నంబరు నాకు నోటికి వచ్చు, పాత నంబరు గనక. మా అబ్బాయి నంబరు రాదు, అన్నయ్యది రాదు, పక్కింటివాళ్ళది రాదు. ఆ రోజు నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. మా ఆయన ఎత్తలేదు, షిఫ్టు దిగుతున్న టైము. రెండో కీ ఇంట్లో బీరువాలో ఉంది. బీరువా ఉన్న ఇంటి తాళాలు కారులో ఉన్నాయి.

పావుగంట అయ్యాక పెద్దాయన చెవి నాకే ఇచ్చారు. "అటు రవ్వంత, ఇటు రవ్వంత. తాళంతో మాట్లాడుతున్నట్టు తిప్పు" అన్నారు. మొదట ఏమీ కదల్లేదు. బియ్యపు గింజంత కదిలింది. వెనక్కి తిప్పాను, మళ్ళీ ముందుకి. నాలుగోసారో ఐదోసారో లోపల ఏదో వదిలినట్టు అనిపించి, టక్కున తిరిగింది. డ్రైవర్ తలుపు ఒక్కటే తెరుచుకుంది, తక్కినవి లోపల మీటలు లాగితేనే వచ్చాయి. తెరిచానో లేదో సైరను! వీధి వీధంతా లేచింది. రిమోట్‌తో వేసిన తాళాన్ని ఇనప చెవితో తీస్తే చాలా కార్లు దొంగ అనుకుని అరుస్తాయి. అది మామూలేనని పెద్దాయన చెయ్యూపారు. నేను ఆ మోతలోనే అర తెరిచి ఇన్‌హేలర్ తీసుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తాను. రెండు పీల్పులు పీల్చాక ఆవిడ మొహం మామూలైంది. "అరిచేది మన కారేనా?" అని అడిగింది.

ఇక కారు కదలాలి. స్టార్ట్ బటన్ నొక్కితే కీ లేదని తెర మీద చూపిస్తోంది. కీ నా చేతిలోనే ఉంది, బ్యాటరీ లేకుండా. నేను అయిపోయిందనుకున్నాను. పెద్దాయన కీని గుడ్డతో ఇంకోసారి తుడిచి, డొల్ల మూసి, "దీన్ని ఆ బటన్‌కి ఆనించి పట్టుకో. క్లచ్ తొక్కి, కీతోనే బటన్ నొక్కు" అన్నారు. మొదటిసారి రాలేదు. కీని తిప్పి రెండో వైపు ఆనించాను. సైరను ఆగిపోయింది, ఇంజను అందుకుంది. బ్యాటరీ లేని కీతో కారు స్టార్టయింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇదెలా సాధ్యమో వారం తర్వాత పూర్ణా మార్కెట్ వైపు తాళాలు చేసే అతను నాకు విడమరిచి చెప్పాడు. మనం ఒక కీ అనుకునేది నిజానికి మూడు. ఒకటి రేడియో, బటన్ నొక్కితే తలుపులు తీసేది. దానికి బ్యాటరీ కావాలి. రెండోది ఇనప చెవి, దానికి ఏమీ అక్కర్లేదు. మూడోది దొంగతనం జరగకుండా ఇంజనుకి కాపలా ఉండే చిప్పు. దానికి సొంత బ్యాటరీ అవసరం లేదు. స్టార్ట్ బటన్ దగ్గరుండే తీగచుట్ట నుంచి వచ్చే అయస్కాంత తరంగంతోనే ఆ కాసేపటికి కావలసిన కరెంటు తీసుకుని కారుకి తన గుర్తు చెబుతుంది. మెట్రో కార్డు, ఆఫీసు గేటు దగ్గర ఆనించే కార్డు చేసేది కూడా ఇలాంటి పనే. అందుకే బాగా దగ్గరగా ఆనించాలి. కొన్ని కార్లలో బటన్‌కి కాకుండా స్టీరింగ్ పక్కన గుర్తు ఉన్న చోటో, కప్పు పెట్టుకునే గుంటలోనో ఆనించాలట. ఎక్కడ ఆనించాలో మన కారు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం కారు లోపల ఉంటుంది, తాళం పడ్డప్పుడు చదవలేం. నేనిప్పుడు ఆ పేజీని ఫోటో తీసి, అమ్మ ఫోనులో కూడా పెట్టాను.

కారు కొన్న రోజు షోరూంలో మాకు గంటన్నర చూపించారు. పాటలు ఎలా పెట్టాలో, ఫోను ఎలా కలపాలో, సీటు వెనక్కి ఎలా వాల్చాలో అన్నీ చెప్పారు. కొబ్బరికాయ కొట్టించి, దండ వేసి, ఫోటో తీశారు. ఇనప చెవి ఎక్కడుందో, దాని కన్నం ఎక్కడుందో, బ్యాటరీ అయిపోతే ఎలా స్టార్ట్ చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. రెండు నిమిషాల పని. కారు తీసుకునే ప్రతి ఒక్కరి చేతా ఒక్కసారి ఇనప చెవితో తలుపు తీయించి పంపితే ఎంత బావుండును! మీరు కొత్త కారు తీసుకుంటుంటే ఆ పని చేయించుకునే దాకా అక్కడి నుంచి కదలకండి.

కీ సంగతి. అదే రోజు ద్వారకానగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికిచ్చాను. బియ్యం డబ్బాలో పెట్టమని అమ్మ అంది గానీ, ఆ కుర్రాడు వద్దన్నాడు. బియ్యం ఉప్పుని లాగదు, పైగా పిండి రేణువులు లోపలికి పోతాయి. వాళ్ళు ఐపీఏ అని పిలిచే స్పిరిట్‌లో మెత్తటి బ్రష్షు ముంచి బోర్డంతా కడిగాడు. ఒక కాలు దగ్గర అప్పటికే పచ్చటి చిలుము పట్టింది, దాన్ని గీకి మళ్ళీ సీసం పెట్టాడు. పెద్దాయన వెంటనే కడగడం వల్లే ఇంతైనా మిగిలిందన్నాడు. తలుపులు తీసేదీ వేసేదీ పనిచేస్తున్నాయి. డిక్కీ బటన్ మాత్రం తిరిగి రాలేదు.

బ్యాటరీ కొనడంలోనూ ఒక మెలిక ఉంది. మొదటి కొట్టువాడు ఇచ్చింది చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, కానీ కీలో వదులుగా కదిలింది. పాతదాని మీద సీఆర్ 2032 అని ఉంది, అతనిచ్చింది సీఆర్ 2025. ఆ అంకెలు కొలతలే. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. రెండూ 3 వోల్టులే, కానీ 2.5 మందం ఉన్నది పలచగా ఉండి సరిగ్గా ఆనదు. అందుకే పాతది చేత్తో పట్టుకుని వెళ్ళాలి. వంద రూపాయలు కూడా కాని వస్తువు. కొత్త కీ చేయించాలంటే వేలల్లో అవుతుంది, ఆర్సీ కాగితాలు చూపించాలి, ఉన్న కీలన్నీ కూడా పట్టుకెళ్ళాల్సి రావచ్చు. ఇన్సూరెన్సులో కీ పోతే ఇచ్చే కవరు, దారిలో ఆగిపోతే వచ్చి సాయం చేసే కవరు విడిగా తీసుకోవచ్చు. నా పాలసీ తీసి చూస్తే రెండోది ఉంది. కానీ ఆ నంబరున్న కాగితమూ కారులోనే ఉంది.

తీసేసిన పాత బిళ్ళ బ్యాటరీని టేబుల్ మీద వదిలెయ్యకండి. పిల్లలు బిళ్ళ అనుకుని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, అయిపోయిన బ్యాటరీ అయినా సరే. మింగారని అనుమానం వస్తే చాలు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మా అన్నయ్య మనవరాలు వచ్చే ఇల్లు గనక పాతదానికి రెండు వైపులా టేపు అంటించి పారేశాను.

ఆ పెద్దాయన్ని తర్వాత రెండు ఆదివారాలు బీచ్‌లో వెతికాను. రెండోసారి కనపడ్డారు, కాళీమాత గుడి దగ్గర. కీ బతికిందని చెబితే చాలా సంతోషించారు. "అవునూ, రిమోట్ బావున్నా ఒక్కోసారి కారు తెరుచుకోదు. బటన్ నొక్కినా కారు పలక్కపోతే ముందు రెండో కీతో చూడు. అదీ పనిచెయ్యకపోతే అప్పుడు కారు పెద్ద బ్యాటరీ పోయి ఉండొచ్చు. దానికి మందు వేరు" అన్నారు. ఆయన దగ్గర ఇంకో గంట కూర్చోవాలనిపించింది. నెలకోసారి ఇనప చెవి తిప్పమని, ఏడాదికోసారి గ్రాఫైటు పొడి కొట్టమని చెప్పి వెళ్ళారు.

పోలిపాడ్యమి తెల్లవారుజామున మళ్ళీ సముద్రానికి వెళ్ళాం, దీపాలు వదలడానికి. అదే సందులో, అదే గోడ పక్కన కారు ఆపాను. వాచ్‌మన్ భార్యకి ఆవిడ చీర ఉతికి ఇస్తూ, అమ్మ కొన్న కొత్త చీర కూడా పెట్టింది. ఆవిడ వద్దంటే వద్దంది, అమ్మ బొట్టు పెట్టి ఇచ్చాక తీసుకుంది. కీని ఆవిడ చేతికిచ్చాను. దేవుడి పటం ముందు పెట్టుకుంది. ఇన్‌హేలర్‌ని కూడా అక్కడే పెట్టి వెళ్ళాం. తిరిగొచ్చాక ఆ పటం ముందు నుంచి కీ తీసుకుని, రిమోట్ నొక్కకుండా, మీట జరిపి ఇనప చెవి తీశాను. డ్రైవర్ వైపు మూత ఎత్తి పెట్టాను. ఒక్క తిప్పుకే వచ్చేసింది. సైరను మోగింది, ఈసారి భయపడలేదు, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించాను. వాచ్‌మన్ కూతురు గేటు దగ్గర నిలబడి చూస్తోంది. "ఆంటీ, నా పెన్సిల్ ఇంకా ఉంది" అంది.